కూత మర్చిపోయిన కంప్యూటర్

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో పాలు పొంగితే ఆఫీసుకొచ్చి గోదావరికి వరదొచ్చిందని చెబుతాను. ఈ జబ్బు సంగతి నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. అందుకే నేను "సర్వర్ తగలబడిపోతోంది" అని అరిస్తే, టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి, అప్పుడొచ్చి చూసేవారు. కాబట్టి ఈ కింద ఎక్కడ ఎండ కనిపించినా కాస్త నీడ కలుపుకోండి, ఎక్కడ జనం కనిపించినా సగం మందిని ఇంటికి పంపేయండి. మిగిలింది నిజం.

అది 2011. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. సమ్మె వల్ల బస్సులు డిపోలు దాటడం లేదు. హైటెక్ సిటీలో మా ఏడో అంతస్తులో సగం కుర్చీలు ఖాళీ. మిగతా సగంలో కూర్చున్నవాళ్లు రాష్ట్రం వస్తుందా రాదా అని పందేలు కాస్తుండేవారు. నేను భీమవరం వైపు వాణ్ని కాబట్టి, లోపలికి అడుగుపెట్టగానే పందెం క్రికెట్ మీదికి మారిపోయేది.

నేను చూసేది లెగసీ టీమ్. లెగసీ అంటే, రాసినవాళ్లు ఉద్యోగం మాని వెళ్లిపోయినా వాడేవాళ్లు మానకపోవడం వల్ల ఇంకా బతికి ఉన్న పాత ప్రోగ్రాములు. వాటికి మేం చేసే సేవ పేరు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. కంప్యూటర్ మారినా, ఆపరేటింగ్ సిస్టమ్ మారినా, ప్రోగ్రాము రాసే భాషే మారినా, వాడేవాడికి ఏమీ మారినట్టు తెలియకూడదు. ఇంట్లో వంటమనిషి మారినా చారు మారకూడదన్నట్టు.

వినడానికి తేలిక. కానీ పాత చారులో ఉప్పెక్కువైతే, ఆ ఎక్కువ ఉప్పునీ కాపాడాలి. ఒక పాత ప్రోగ్రాము రిపోర్టు చివర ఎప్పుడూ ఒక ఖాళీ కాగితం ఎక్కువ వచ్చేది. అది తప్పేనని మేం ఎంతో శ్రద్ధగా సరిచేశాం. మర్నాడే ఆ కంపెనీ నుంచి ఫోను. ఆ ఖాళీ కాగితం మీద వాళ్ల గుమాస్తా ఏళ్ల తరబడి టీ ఎవరికి, కాఫీ ఎవరికి అని రాసుకుంటున్నాడట. కాగితం లేక ఆ రోజు ఆఫీసు మొత్తానికి కాఫీయే వచ్చిందట. తప్పును తిరిగి పెట్టాం. ఆ దెబ్బతో మా టీమ్‌కి భయమూ భక్తీ పట్టుకున్నాయి. తెర మీద పసుపు రంగు దగ్గర్నుంచి పనికిరాని మీట దాకా ఏదీ ముట్టుకునేవాళ్లం కాదు.

అలాంటి రోజుల్లో జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక కంపెనీ తమ పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి కొంది. వాళ్లు వాడేది విండోస్ వాడుకలోకి రాకముందటి డాస్ కాలపు మా తూకం ప్రోగ్రాము. సంచిలో పొడి పోస్తుంటే కింది కాటా బరువు పంపుతుంది, తెర మీద అంకె పెరుగుతుంది. కొత్త కంప్యూటర్ ఇలాంటి ప్రోగ్రామును నేరుగా నడపదు. అందుకని మధ్యలో ఎమ్యులేటర్ అనేదాన్ని పెట్టాం. పాత ప్రోగ్రాము చుట్టూ అది నాటకం తెరలు కట్టి, నువ్వింకా ఆ పాత రోజుల్లోనే ఉన్నావని నమ్మిస్తుంది. ప్రోగ్రాము నమ్మింది. మేమూ నమ్మాం. రంగులు సరే, మీటలు సరే, అంకెలు సరే.

వారం తిరక్కుండా టికెట్ వచ్చింది. టికెట్ అంటే కస్టమర్ రాసి పంపే ఫిర్యాదు. "కొత్త కంప్యూటర్లు వచ్చాక తూకంలో పొడి ఎక్కువ పడుతోంది. ఆపరేటర్‌కి అంకెలు కనిపించడం లేదు. అక్షరాలు పెద్దవి చేయగలరు."

చేశాం. మళ్లీ టికెట్, ఇంకా పెద్దవి కావాలి. ఇంకా పెద్దవి చేశాం. మళ్లీ టికెట్. చివరికి ఆ అంకెలు ఎంత పెద్దవయ్యాయంటే, మా కిటికీ దగ్గర తెర పెడితే కొండాపూర్‌లో బట్టలారేసుకునేవాళ్లు బరువు చదివి చెప్పగలరు. అయినా పొడి ఎక్కువే పడుతోంది. నాకు బుర్ర పనిచేయడం మానేసింది. తూకం సరే, లెక్క సరే, అక్షరాలు ఏనుగులంత, మరి తప్పెక్కడ?

జీడిమెట్లలో షిఫ్ట్ చూసే ప్రభాకర్ గారు ఫోనులో అసలు సంగతి చెప్పారు. "మీ ప్రోగ్రాములో తప్పు లేదేమోనండి. మా దగ్గర యాదమ్మ అని కాంట్రాక్టు మీద పనిచేసే ఆవిడ ఉంది. చాలా ఏళ్లుగా చేస్తోంది. చెయ్యి వణుకుతోందో, చూపు తగ్గిందో. మేనేజర్ గారు ఈ నెలాఖరుకి మానిపించేద్దాం అంటున్నారు. మీ ప్రోగ్రాము బానే ఉందని ఒక్క ముక్క రాసిచ్చారంటే పని అయిపోతుందండి."

ఒక్క ముక్క రాసివ్వడానికి కలం తెరిచాను. పక్కనే మల్లేశ్ ఫోను మాటలన్నీ వింటున్నాడు. సిద్దిపేట పిల్లాడు, మా టీమ్‌లో కోడ్ రాసేవాడు, అతని బండి మీద జై తెలంగాణ స్టిక్కర్ పెట్రోలు ట్యాంకు కంటే పెద్దది.

"సార్, గట్ల రాసిస్తే ఆమె పని పోతదిగద" అన్నాడు.

"మన ప్రోగ్రాము బానే ఉంది కదయ్యా."

"మనం చూసినమా? ఈడ ఏసీల కూసుండి చూసినం. ఒక్కసారి పోయొద్దాం పట్టుండ్రి."

పోవడమే మంచిదనిపించింది. ఇంకా పెద్ద తెర ఒకటి కూడా పట్టుకుపోదామని నిర్ణయించాను. అంతా ఆలోచించి నాకు తట్టిన పరిష్కారం అది. ఆఫీసులో మీటింగ్ గదిలో ఉన్న భారీ తెరను గోడ నుంచి ఊడదీయించి, దుప్పట్లో చుట్టి, మల్లేశ్ బండి వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురుగాలికి అది తెరచాపలా లాగేస్తుంటే, కూకట్‌పల్లి దాకా బండిని పెట్రోలు నడిపిందో గాలి నడిపిందో చెప్పలేను.

అక్కడ రోడ్డు మధ్యలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే అందరికీ వడ్డించి, రాకపోకలు ఆపే నిరసన అది. ఒక్కో గంగాళంలో మా ఏడో అంతస్తు ఈత కొట్టొచ్చు. మల్లేశ్ బండి ఆపుతూ మెల్లిగా అన్నాడు.

"సార్, మీరు జర మాట్లాడకుండ్రి. మీ నోట్లకెళ్లి ఒక్క 'అండి' వచ్చినా ఇద్దరం ఇగ ఈడ్నే."

మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకతను వచ్చి దుప్పటి ఎత్తి చూశాడు.

"ఏందన్నా, టీవీనా?"

"కాదే, కంప్యూటర్ తెర" అన్నాడు మల్లేశ్.

"గింత పెద్దగెందుకు?"

"జీడిమెట్ల ఫ్యాక్టరీల ఒక పెద్దమ్మకు అక్షరాలు కనిపిస్తలేవంట."

"అద్దాలు కొనియ్యరాదుండ్రి" అన్నాడతను.

ఇంతమంది ఇంజనీర్లం నెల రోజులుగా కూర్చున్నా ఆ ముక్క మాకు తట్టలేదు. అంతలోనే మమ్మల్ని బంతిలో కూర్చోబెట్టి విస్తర్లు వేశారు. ఒకావిడ పప్పు పోస్తూ, "సాల్తదా బిడ్డా?" అంది.

"చాలండి" అన్నాను.

అలవాటు కదా, వచ్చేసింది. గరిటె గాల్లో ఆగింది. మల్లేశ్ కళ్లు మూసుకున్నాడు.

"ఏ ఊరు మీది?" అందావిడ.

"భీమవరం దగ్గరండి."

ఆవిడ ఇంకో గరిటె పోసింది. "అయితె ఇంక జర తినుండ్రి. మావోళ్లు ఆకలితోని పంపిండ్రని మీ ఊర్ల చెప్పొద్దు." ఆ తర్వాత నా విస్తరి వైపు ఎవరొచ్చినా అదే మాట, ఇంకో గరిటె. జీడిమెట్ల చేరేసరికి తెరతో పాటు నన్నూ ఇద్దరు దించాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీలో తూకం జరిగేది గాజు గదిలో. దాన్ని బూత్ అంటారు, అలాంటివి రెండున్నాయి. కంప్యూటర్ గాజు అవతల ఉంటుంది, తెర లోపలికి తిరిగి. లోపలికి పోవాలంటే ఒంటికి తెల్ల గౌను, తలకు టోపీ, ముక్కూ నోరూ మూసే మాస్కు, దాని మీద కళ్లకు అంటుకునే కళ్లద్దాలు. నా సైజు గౌను దొరకలేదు. దొరికినదాంట్లో దూరాక నేను గింజ ఎక్కువైన మొక్కజొన్న పొత్తులా ఉన్నానని మల్లేశ్ అన్నాడు.

లోపలికి పోయి మూడుసార్లు ఊపిరి వదిలానో లేదో, కళ్లద్దాల మీద పొగమంచు. ఏనుగులంత అంకెలు కాదు గదా, తెర ఎటువైపు ఉందో తెలియలేదు. ఎదురుగా తెల్లగా ఒక మనిషి ఆకారం, పారతో పొడి పోస్తోంది.

"యాదమ్మగారూ, ఇందులోంచి మీకు అంకెలెలా కనిపిస్తున్నాయండి?"

"అంకెలెవరు చూస్తరు సారు?" అంది ఆ ఆకారం. "పాతది కూస్తుండె. సరిపోతే ఒక్కటి పొడుగ్గ కూసేది. ఎక్కువైతే రెండు సార్లు పొట్టిగ కూసేది. నేను చెవితోని పోస్తుంటి. గీ కొత్తది ఏమైనా కిచ్చంటది. సరిపోయినా కిచ్చే, ఎక్కువైనా కిచ్చే. ఏం తెల్వాలె నాకు?"

"మరి ఈ మాట ప్రభాకర్ గారికి చెప్పలేదా?"

"చెప్పుడేంది, చెప్పి చెప్పి నోరు పోయింది. నేను కూస్తలేదంటున్న, మీరేమో అక్షరాలు పెద్దగ చేస్తున్నరు. నేను పరేషాన్ అయితున్న, తెర మీద అక్షరాలు పెరుగుతున్నయి."

బయటికొచ్చి ప్రభాకర్ గారి వంక చూశాను. ఆయన మెడ వెనక గోక్కున్నారు. "చెప్పిందండి. కంప్యూటర్ కూయట్లేదని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఏం రాస్తామండి, నవ్వుతారు కదా. అందుకని నేనే కొంచెం గౌరవంగా ఉంటుందని అక్షరాలని రాశాను."

ఆయన్ని అనేందుకు నాకు నోరెక్కడిది? మా ఆఫీసులో కంప్యూటర్లకు నోరుండకూడదని నియమం. పక్కవాడికి ఇబ్బందని అన్నింటికీ శబ్దం ఆపేసి ఉంటాం. అందరి చెవుల్లోనూ ఎవరి పాటలు వాళ్లవి. రంగులు, మీటలు, ఖాళీ కాగితాలు అన్నీ కాపాడిన మేం ఆ ప్రోగ్రాముకు ఒక కూత ఉందని వినలేదు. విననిది పరీక్షించలేదు.

మల్లేశ్ ల్యాప్‌టాప్‌లో కోడ్ తెరిచాడు. విషయం బయటపడింది. పాతకాలపు ప్రోగ్రామరు ఎవరో, కూత మొదలుపెట్టు, ఇంత వరకు లెక్కపెట్టు, కూత ఆపు అని రాశాడు. ఇలా ఊరికే లెక్కపెట్టించడాన్ని లూప్ అంటాం. దాగుడుమూతల్లో దొంగ వంద లెక్కపెట్టినట్టు. పాత కంప్యూటర్ తాతయ్యలా ఒక్కొక్క అంకె నములుతూ లెక్కపెట్టేది, అందుకని కూత పొడుగ్గా వచ్చేది. కొత్తది రెప్పపాటులో వంద అయిపోయిందంటుంది. పొడుగు కూతా కిచ్చే, రెండు పొట్టి కూతలూ కలిసిపోయి కిచ్చే.

"గడియారం చూసి ఆపమని రాస్తే అయిపాయె" అన్నాడు మల్లేశ్. "ఎంతసేపు కూయాలె సార్?"

ఎంతసేపు? కోడ్‌లో ఎంతవరకు లెక్కపెట్టాలో ఉంది కానీ ఎంతసేపో లేదు. పాత కంప్యూటర్లు ఏవని అడిగితే, తుక్కు కింద ఎత్తుకుపోయారన్నారు. ఇక మిగిలింది మనుషుల జ్ఞాపకం. ప్రభాకర్ గారు "కూ" అన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, అలా కాదండీ అని రైలింజన్ కూత ఒకటి కూశాడు. క్యాంటీన్ నుంచి వచ్చినవాళ్లు తలా ఒకటి కూశారు. చూస్తుండగానే ఆ వరండా అంతా కోళ్లఫారంలా తయారైంది. ఏ రెండు కూతలూ కలవలేదు.

యాదమ్మనే అడిగాం. "ఎట్లుండె అంటే ఎట్ల చెప్పాలె?" అంది. "ఇంటే తెలుస్తది."

సరే, ఒక్కొక్కటీ వినిపించడం మొదలుపెట్టాం. బయట మల్లేశ్ అంకె మారుస్తాడు, కంప్యూటర్ కూస్తుంది, లోపలి నుంచి యాదమ్మ తీర్పు చెబుతుంది.

"గిది బర్రె అర్సినట్టుంది."

"ఇప్పుడు?"

"గిది మా అల్లుని బండి హారన్."

"ఇదో?"

"ఇంకొంచెం గుంజు బిడ్డా. మరీ గంత కాదు. ఎన్కకు రా."

ఎన్ని కూతలు కూయించామో గుర్తులేదు, లక్ష అని రాయాలని చెయ్యి లాగుతోంది. చివరికి ఒక కూత దగ్గర ఆవిడ పార ఆపింది. "ఆఁ. గిదే" అంది, నవ్వింది. వెంటనే ఒక సంచి తూచింది. చెవి అటు వేసి, చెయ్యి నింపాదిగా కదిలిస్తూ పోసి, ఒక్క పొడుగు కూత వినగానే ఆపింది. తెర మీద అంకె సరిగ్గా సరిపోయింది. ఇంకో సంచి, అదీ అంతే. ప్రభాకర్ గారు దగ్గరికొచ్చి అంకె రెండుసార్లు చదువుకున్నారు. వణికే చెయ్యి మాత్రం ఎక్కడా కనిపించలేదు.

రెండు బూత్‌లలోనూ అదే కూత పెట్టేసి, విజయగర్వంతో టీ తాగుతున్నాం. మధ్యాహ్నం షిఫ్టుకు రెండో బూత్‌లోకి సుజాత అనే అమ్మాయి వచ్చింది. కాసేపటికి బయటికొచ్చి, "ఎవరు సారు దీన్ని ఖరాబు చేసింది?" అంది.

"ఖరాబేంటమ్మా, పాత కూత తిరిగి పెట్టాం" అన్నాను.

"గిది పాత కూతనా? నా దాంట్ల ఎక్కువైతే కూసే పొట్టి కూత గింతుండేది. ఇప్పుడు సరిపోయినా గింతే కూస్తుంది. ఎక్కువైందేమో అనుకుని, రెండోది ఎప్పుడొస్తదా అని చూసుకుంట పొడి తీస్తున్న. ఉన్నది పోయి తక్కువైతుంది."

యాదమ్మ ఇంటికి బయల్దేరుతూ ఆగింది. "నువ్వు నిన్నగాక మొన్నొచ్చినవ్. పాత కూత నీకేం ఎరుక?"

"నాకెరుక లేకనేనా పెద్దమ్మా, మొన్నటిదాక చెవితోని పోసింది? ఈ కొత్తదొచ్చినంక అద్దాలు నెత్తికి ఎక్కించి చూడవడితి" అని నాలిక్కరుచుకుంది. కళ్లద్దాలు తీయడం అక్కడ పెద్ద తప్పు. ఆ తప్పు చేస్తున్న సుజాత తూకాలు సరిగ్గా వస్తున్నాయి. నియమం ప్రకారం అద్దాలు పెట్టుకున్న యాదమ్మ పని ఊడబోయింది.

కూత మీద పంచాయితీ ముదిరింది. యాదమ్మకు సెక్యూరిటీ మద్దతు, సుజాతకు క్యాంటీన్ మద్దతు. అసలైన పాత కూత తమదంటే తమదని రెండు పార్టీలు. రోడ్ల మీద ఏం జరుగుతోందో అదే ఇక్కడా మొదలైంది. అప్పుడు ప్రభాకర్ గారికి గుర్తొచ్చింది. ఆ రెండు పాత కంప్యూటర్లు ఒకేసారి కొన్నవి కావట. సుజాత బూత్‌లోది ఇంకా ముసలిది, ఇంకా నెమ్మది. అంటే ఇంకా పొడుగ్గా కూసేది. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఒకే ప్రోగ్రాము, ఒకే కోడ్, రెండు పాత కాలాలు. నేను పుస్తకంలో చదువుకున్న బ్యాక్‌వర్డ్‌కి వెనక ఒకటే ఉండేది. ఇక్కడ బూత్‌కొకటి ఉంది.

"రెండింటికీ మధ్యలో ఒకటి పెట్టేద్దామా?" అన్నాను, పెద్దమనిషి తరహాలో.

"సగం సగం చేస్తే ఇద్దరికీ పనికిరాదు సార్. ఎవల్ది వాళ్లకిస్తే ఏం పోతది మనకు?" అన్నాడు మల్లేశ్.

ఏం పోదు. ప్రతి బూత్‌కి వేరే సెట్టింగ్ పెట్టాం. సుజాత కూతను పట్టుకోవడానికి మళ్లీ బర్రెలు, హారన్లు అన్నీ దాటాల్సి వచ్చింది. మల్లేశ్ ఆ సెట్టింగులకు యాదమ్మ, సుజాత అనే పేర్లు పెట్టాడు. మా కోడింగ్ నియమాలు ఒప్పుకోవు గానీ, ఆ రోజు వాటిని అడిగినవాళ్లు లేరు. ప్రభాకర్ గారు మా ముందే మేనేజర్‌కి ఫోన్ చేసి, తప్పు కంప్యూటర్‌దేనని, యాదమ్మ వచ్చే నెల కూడా ఉంటుందని చెప్పేశారు. పెద్ద తెర మాత్రం విప్పకుండానే వెనక్కి మోసుకొచ్చాం.

ఆ తర్వాత రాష్ట్రం రెండైంది. నేనూ మల్లేశ్ కంపెనీలు మారాం. జీడిమెట్ల ప్రోగ్రాము ఇంకో భాషలోకి కూడా మారిందని విన్నాను. యాదమ్మ అనే సెట్టింగ్ మాత్రం అందులో ఇంకా ఉందట. కొత్తగా చేరినవాళ్లు అదేంటో తెలియక, తీసేస్తే ఏమవుతుందో అని భయపడి, అలాగే ఉంచుతున్నారట. చాలా మంచి భయం.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. ఏ పాత ప్రోగ్రామునైనా ముట్టుకునే ముందు, దాన్ని వాడే మనిషి నిలబడే చోట నిలబడి, వాళ్ల కళ్లద్దాలే పెట్టుకుని కాసేపు పని చేసి చూడాలి. పాతదాన్ని కాపాడతామని ఎవరైనా మాటిస్తే, ఎవరి పాతదని అడగాలి. అడిగాక గందరగోళం ఎక్కువవుతుంది. అది నాకిప్పటికీ తగ్గలేదు.

ఇక ఒప్పుకోలు. గంగాళాలు పెంచాను, కూతలు పెంచాను, తెరను తెరచాప చేశాను. అవన్నీ ఎంతో కొంత ఉన్నవే, నేను గాలి కొట్టాను అంతే. ఏమీ లేనిచోట కల్పించింది మాత్రం ఒక్కటి. కూత దొరికినప్పుడు యాదమ్మ నవ్విందని రాశాను. ఆవిడ మాస్కులో ఉంది, నేను లోపలున్నప్పుడు నా కళ్లద్దాలు మసకలో ఉన్నాయి, షిఫ్టు దిగి పంచాయితీకి వచ్చినప్పుడూ ముఖానికి కొంగు చుట్టుకునే ఉంది. ఆవిడ ముఖం నేను అసలు చూడనేలేదు.